షర్బత్‌కు మారేడు గడ్డ అక్కర్లేదు

మార్చి దాటితే తిరుపతిలో నన్నారి బండి లేని వీధి ఉండదు. బస్టాండు చుట్టూ, గాంధీరోడ్డులో, అలిపిరికి పోయే దారిలో ఎక్కడ నిలబడినా నిమ్మకాయ, నానిన సబ్జా గింజలు, సోడా, వాటిమీద రెండు గరిటెల నల్లటి పాకం కనిపిస్తాయి. ఎండకు అలసిన మనిషికి ఆ గ్లాసు ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది. అందులో నాకు అనుమానమేమీ లేదు. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఆ పాకం ఏ తీగ వేరుతో తీశారు? ఆ తీగ ఇంకా బతికుందా?

నన్నారి అనే పేరుతో మన అంగళ్ళలో రెండు వేర్లు అమ్ముతారు. ఒకటి సుగంధిపాల. పొలం గట్ల మీద, కంచెల్లో, చిట్టడవిలో నేలబారుగా పాకే సన్నటి తీగ అది. శాస్త్రీయ నామం హెమిడెస్మస్ ఇండికస్, ఆయుర్వేదంలో సారిబ అంటారు. రెండోది మారేడు గడ్డ. కొందరు నన్నారి కొమ్ములంటారు, తమిళం కలిసే కుప్పం, పలమనేరు వైపు మాగాళి గడ్డ అన్నా అర్థమవుతుంది. శివుడి పూజకు దళాలు కోసే మారేడు చెట్టుకూ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. ఇది డెకాలెపిస్ హామిల్టోనై అనే తీగ. శేషాచలం, నల్లమల లాంటి కొండల్లో రాళ్ళ సందుల్లో పుట్టి, పక్క చెట్లను అల్లుకుంటుంది. రెండూ ఒకే కుటుంబంవి. తుంచితే రెండింటికీ పాలు కారతాయి, వేళ్ళు రెండూ ఒకే వాసన వేస్తాయి. అందుకే ఒకదాని పేరు చెప్పి మరొకటి అమ్మడం సులువైంది.

నేను చెప్పదలుచుకున్నది ఇంతే: షర్బత్‌కు, కషాయానికి, ఇంటి వైద్యానికి సుగంధిపాల చాలు. మారేడు గడ్డను ఆ పనికి వాడటం మానేయాలి. కారణాలు వరసగా రాస్తాను, వాసన పోకుండా షర్బత్ తీసే పద్ధతీ రాస్తాను. వాసన రాకపోవడం వల్లే జనం లావు గడ్డల వైపు పోతున్నారని నా నమ్మకం.

ముందు గుర్తుపట్టడం. సుగంధిపాల వేరు పెన్సిలంత లావు ఉంటే గొప్ప, చాలావరకు అంతకన్నా సన్నమే. వంకరటింకరగా, ముదురు గోధుమ రంగులో ఉంటుంది. పైన అడ్డంగా పగుళ్ళు కనిపిస్తాయి. చేత్తో వంచితే పటుక్కున విరుగుతుంది. విరిగిన చోట చూడండి: బయట పలచటి తొక్క, లోపల పసుపు కలిసిన తెల్లటి గట్టి పుల్ల. గోరుతో తొక్క గీరితే తియ్యటి వాసన వెంటనే వస్తుంది. లోపలి పుల్లను గీరితే దాదాపు ఏమీ రాదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, షర్బత్ తీసేటప్పుడు పనికొస్తుంది.

మారేడు గడ్డ కండపట్టి ఉంటుంది. వేలంత లావు నుంచి క్యారెట్టంత లావు దాకా, కొన్ని అంతకన్నా లావు. పచ్చిగా ఉన్నప్పుడు కోస్తే రసం ఊరుతుంది, ఎండితే ముడతలు పడి ముడుచుకుంటుంది. చిన్న ముక్క నమిలితే మొదట తీపి, తర్వాత ఘాటు, ఆ వెనక నాలుక తిమ్మిరెక్కుతుంది. సుగంధిపాలకు ఆ తిమ్మిరి ఉండదు. ఆకులో కూడా తేడా తెలిసిపోతుంది. సుగంధిపాల ఆకు సన్నగా, పొడుగ్గా, చాలాసార్లు నడిమి ఈనె వెంబడి తెల్లటి చారతో ఉంటుంది. మారేడు ఆకు వెడల్పు, మందం. మూడో సరుకు ఒకటి అప్పుడప్పుడూ కలుస్తుంది, నల్లతీగ వేరు. దాన్ని పట్టుకోవడానికి ముక్కు చాలు, గీరితే సుగంధం రాదు. పొడి రూపంలో కొంటే ఈ పరీక్షల్లో ఒక్కటీ చెయ్యలేరు. అందుకే నాటుమందుల అంగడిలో నన్నారి పొడి ఎవరు ఎంత గొప్పగా చెప్పినా కొనకండి. వేరుగానే అడగండి.

ఇక మారేడు గడ్డ ఎందుకు వద్దు? ఆకు కోస్తే మళ్ళీ చిగురిస్తుంది, కాయ కోస్తే చెట్టు నిలుస్తుంది. వేరు మొత్తం తవ్వితే ఆ తీగ కథ అక్కడితో సరి. మారేడు తీగ విషయంలో ఇది మరీ నిజం. ఎండాకాలంలో ఆకు రాల్చి, వానలకు మళ్ళీ చిగురు వెయ్యడానికి అది దాచుకున్న తిండీ నీళ్ళూ ఆ గడ్డల్లోనే ఉంటాయి. రాతి సందులో గునపం దించి పెకలిస్తే గుత్తి మొత్తం బయటికొస్తుంది. రెండు గడ్డలు తీసుకుని నాలుగు వదలడం ఆ నేలలో కుదిరే పని కాదు. జంటగా కాసే కాయలు పగిలి, తెల్లటి నూగుతో గింజలు గాలికి ఎగిరే దాకా ఆగితే కనీసం పిల్ల మొక్కలైనా వస్తాయి. గిరాకీ అంతదాకా ఆగనివ్వదు. ఈ తీగను అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) తన ఎర్రజాబితాలో అంతరించే ప్రమాదం ఉన్న జాతిగా చేర్చింది. ప్రపంచం మొత్తంలో ఇది పుట్టేది దక్షిణ భారతంలోనే. అందులో మన కొండలు ముఖ్యమైన తావు. శేషాచలాన్ని 2010లో జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఎర్రచందనం దుంగ దొరికితే మరునాడు పేపర్లో ఫొటో వస్తుంది. మారేడు గడ్డల గోతం దొరికితే దాన్ని గుర్తుపట్టేవాళ్ళు ఎంతమంది?

అయినా సరే లావు గడ్డే ఎందుకు నడుస్తోందంటే, లెక్క కూలి దగ్గర ఉంది. ఒక గుత్తి మారేడు తవ్వితే గోతంలో బరువు కనిపిస్తుంది. అదే బరువు సుగంధిపాల కావాలంటే సన్నటి వేళ్ళ వెంట నేలను జానెడు జానెడు తవ్వుకుంటూ పోవాలి, ఎండితే అది ఇంకా తగ్గిపోతుంది. కాబట్టి సన్నవేరు ధర ఎక్కువ. పాకం తీసేవాడికి చౌకగా, ఘాటుగా వచ్చేది కావాలి. ఒప్పుకోవాల్సిన మాట ఒకటుంది: ఘాటు మాట వస్తే మారేడు గడ్డదే పైచేయి. కానీ షర్బత్‌కు అంత ఘాటు అక్కర్లేదు, నాలుక తిమ్మిరి అసలే అక్కర్లేదు.

ఇది అడవి మీద బతికే యానాదుల పొట్ట కొట్టే మాట కదా అని అడిగేవాళ్ళుంటారు. న్యాయమైన ప్రశ్న. 2006 నాటి అటవీ హక్కుల చట్టం గిరిజనులకు చిన్నతరహా అటవీ ఫలసాయం మీద హక్కు ఇచ్చింది, ఆ హక్కు ఉండాల్సిందే. నేను అడుగుతున్నది తవ్వేవాళ్ళను తరమమని కాదు, కొనేవాళ్ళు కొనే సరుకు మార్చమని. పచ్చి గడ్డ కిలోల లెక్కన అమ్మితే తవ్విన చేతికి దక్కేది ఆఖరి రూపాయి. గడ్డలు అయిపోయిన కొండ మీద ఆ రూపాయి కూడా ఉండదు. నీడలో ఆరబెట్టి, మట్టి తీసి, లావు సన్నం వేరుచేసిన సుగంధిపాలకు మంచి ధర ఇవ్వండి. ఆ శుభ్రం చేసే పని తవ్వినవాళ్ళ చేతిలోనే ఉంటే కూలీ వాళ్ళకే మిగులుతుంది.

ఇప్పుడు వాసన సంగతి. ఈ వేళ్ళ సుగంధానికి మూలం 2-హైడ్రాక్సీ-4-మెథాక్సీ బెంజాల్డిహైడ్ అనే పదార్థం. వెనిల్లాలోని వెనిలిన్‌కు ఇది తోబుట్టువు. రెండింటిలోనూ పరమాణువుల లెక్క ఒకటే, అమరిక వేరు. ఆ అమరికే మన వంటింట్లో తేడా తెస్తుంది. వెనిలిన్ మరిగినా చాలావరకు గిన్నెలో నిలుస్తుంది. నన్నారి సుగంధం ఆవిరితోపాటు లేచిపోతుంది. నూనె తీసేవాళ్ళు ఆవిరి పట్టి బట్టీలో తీయగలిగేది అందుకే. మీరు మూత లేని గిన్నెలో అరగంట తెర్లిస్తే వీధంతా కమ్మగా ఉంటుంది, సీసాలో చక్కెర నీళ్ళు మిగులుతాయి. "వేరు మంచిది కాదు, వాసన లేదు" అనే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇదే. ఆ లోటు పూడ్చడానికే లావు గడ్డ, అదీ చాలకపోతే ఎసెన్సు, పైన మాడ్చిన చక్కెర రంగు. అసలు సుగంధిపాల పాకం నల్లగా ఉండదు. పలచటి ఎర్రమట్టి రంగులో, వెలుతురుకు పెడితే అవతలి వేళ్ళు కనిపించేలా ఉంటుంది.

మన వైద్యానికి ఈ సంగతి ముందే తెలుసు. ఆయుర్వేదంలో అన్నిటినీ ఉడకబెట్టమని లేదు. గట్టి పట్టలకు, వాసనలేని వేళ్ళకు కషాయం. సుకుమారమైన, సుగంధమున్న వాటికి ఫాంటం, హిమం. ఫాంటమంటే ఒక వంతు మందుకు నాలుగు వంతుల వేడినీళ్ళు పోసి మూతపెట్టి, చల్లారాక వడకట్టడం. హిమమంటే ఆరు వంతుల చన్నీళ్ళలో రాత్రంతా నానబెట్టి పొద్దున్నే వడకట్టడం. చలవ కోసం సుగంధిపాల తాగాలనుకునేవాళ్ళకు హిమమే సరైన దారి. 10 గ్రాముల తొక్క నలగ్గొట్టి 60 మిల్లీలీటర్ల నీళ్ళలో వేసి, తెల్లారాక వడకట్టి, గ్లాసు నీళ్ళలో కలుపుకుంటే సరి. చక్కెర పని లేదు.

షర్బత్ నిలవ ఉండాలంటే మాత్రం కొలత తప్పకూడదు. ఎండిన సుగంధిపాల వేరు 100 గ్రాములు తీసుకోండి. పగుళ్ళలో మట్టి కూరుకుని ఉంటుంది కాబట్టి కొబ్బరి పీచుతో రుద్ది, నీళ్ళు ధారగా పోస్తూ కడగాలి. నానేసి కడిగితే ఆ నీళ్ళతోనే సారం కొంత పోతుంది. నీడలో గంట ఆరనిచ్చి, రోట్లో వేసి రోకలితో మెల్లగా కొట్టండి. పొడి కొట్టినట్టు దంచొద్దు. పై తొక్క పగిలి లోపలి పుల్లను వదిలేంత దెబ్బ చాలు. పుల్లలు ఏరి పారేయండి, తొక్క మిగులుతుంది. పుల్లలు ఉంచితే వాసన పెరగదు, అవి నీళ్ళు మాత్రం పీల్చుకుంటాయి.

600 మిల్లీలీటర్ల నీళ్ళు మరగనిచ్చి, దించి, ఒక నిమిషం ఆగి తొక్క మీద పోసి గట్టిగా మూత పెట్టండి. స్టీలు గిన్నె, గాజు, మట్టి పిడత ఏదైనా పరవాలేదు. ఇనప బాండలి మాత్రం వద్దు, ఈ సారం ఇనుముతో కలిస్తే నల్లబడుతుంది, రుచి కూడా పాడవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో బయట ఎనిమిది గంటలకు మించి ఉంచకండి. మన ఎండలకు అది పులిసిపోతుంది. ఇంకా నానాలనుకుంటే ఫ్రిజ్‌లో పెట్టండి. పలచటి గుడ్డలో వడకట్టి పిండితే దాదాపు 450 మిల్లీలీటర్ల సారం వస్తుంది. పిప్పి పారేయకండి, దానిమీద ఇంకో గ్లాసు వేడినీళ్ళు పోసి నానబెడితే ఆ పూట తాగడానికి పనికొస్తుంది.

వేరే గిన్నెలో 1,600 గ్రాముల చక్కెర, 450 మిల్లీలీటర్ల నీళ్ళు, రెండు నిమ్మకాయల రసం వేసి పొయ్యి మీద పెట్టండి. తెర్లిన తర్వాత నాలుగు నిమిషాలు చాలు, తీగపాకం దాకా పోనివ్వొద్దు. దించి, బుడగలు అణిగాక, ఇంకా చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉండగానే వేరు సారం పోసి ఒక్క తిప్పు తిప్పి మూత బిగించండి. ఆ వేడి సారంలోని సూక్ష్మజీవులను చాలావరకు చంపుతుంది. మూత వాసనను ఆపుతుంది. పూర్తిగా చల్లారే దాకా మూత తియ్యకండి. చల్లారిన తర్వాత తడిలేని సీసాల్లో పోసుకోవాలి. రెండు లీటర్లకు కాస్త తక్కువ వస్తుంది.

ఈ కొలతలో చక్కెర సుమారు 65 శాతం ఉంటుంది. అది ఊరికే పెట్టిన అంకె కాదు. అంతకన్నా బాగా తగ్గితే పులియబెట్టే సూక్ష్మజీవులకు నీళ్ళు దొరుకుతాయి. వారం పది రోజుల్లో సీసా మూతి దగ్గర నురగ కడుతుంది, మూత తీస్తే బుస్సుమంటుంది. అలాంటిది పారబోయాల్సిందే, మళ్ళీ మరిగించి వాడొద్దు. ఎక్కువైతే అడుగున కలకండ పలుకులు చేరతాయి. నిమ్మరసం వేసేది రుచికోసమే అనుకుంటారు చాలామంది. ఆ పులుపు వేడిలో చక్కెరను కొంత విడగొట్టి, పలుకులు కట్టకుండా చూస్తుంది. చక్కెరకు బదులు బెల్లం వేస్తే ఆరోగ్యమని కొందరంటారు. బెల్లం తన వాసనతో నన్నారిని మింగేస్తుంది, తేమ ఎక్కువ కాబట్టి త్వరగా పులుస్తుంది కూడా.

రెండు పెద్ద చెంచాలు, అంటే 30 మిల్లీలీటర్ల పాకం గ్లాసుడు చల్లటి నీళ్ళకు సరిపోతుంది. దాంట్లో చక్కెర సుమారు 26 గ్రాములు. రోజు మొత్తానికి అదనపు చక్కెర 50 గ్రాములు దాటొద్దని, 25 లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒంటికి చలవ అంటూ రోజుకు మూడు గ్లాసులు తాగే ముందు ఈ లెక్క చూసుకోండి. షుగరున్నవాళ్ళకు షర్బత్ మందు కాదు, హిమమే వాళ్ళ దారి. అది కూడా వాడుతున్న మాత్రల సంగతి డాక్టరుకు చెప్పిన తర్వాతే.

వేరు గొప్పతనం గురించి అంగళ్ళలో చెప్పే మాటల్లో కొంత కోత పెట్టాలి. సుగంధిపాలకు పెద్ద చరిత్ర ఉంది. శారిబాద్యాసవం లాంటి మందులకు పేరు ఇచ్చిన వేరు, 1864లో బ్రిటిష్ ఫార్మకోపియా అనే అధికారిక మందుల గ్రంథానికి కూడా ఎక్కింది. దాహం, ఒంట్లో మంట, మూత్రంలో మంట, చర్మం మీద పొక్కులు లాంటి వాటికి తరతరాలుగా వాడుతున్నారు. అయితే ఆధునిక పరీక్షల్లో ఎక్కువ భాగం ఎలుకల మీద, గాజు గొట్టాల్లో జరిగినవే. కిడ్నీ జబ్బుకో కామెర్లకో ఇది తాగితే చాలు, ఆసుపత్రి వద్దు అని ఎవరైనా చెబితే నమ్మకండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వైద్యుణ్ణి అడగకుండా కషాయాలు మొదలుపెట్టొద్దు.

మారేడు గడ్డకు న్యాయమైన చోటు ఒకటుంది, ఊరగాయ. ఆ పనికి సుగంధిపాల పనికిరాదు, అందులో కండ లేదు. గడ్డలను బియ్యం కడిగిన నీళ్ళలో నానబెట్టి, మట్టి పోయాక చెక్కు తీసి, నిలువుగా చీల్చి నడిమి కొయ్యను లాగేస్తారు. ముక్కలు కోసిన వెంటనే పుల్లటి మజ్జిగలో వేయాలి, గాలికి వదిలితే నల్లబడతాయి. ఆ తర్వాత ఉప్పు, కారం, ఆవపిండి, పసుపు, నిమ్మరసం. మొదటి వారం ఘాటుకు ముక్కు అదురుతుంది, నెల దాటితే పెరుగన్నంలోకి దానికి సాటి లేదు. ఈ గడ్డకు పురుగు పట్టదు. నిల్వ ధాన్యాన్ని తినే పురుగులను చంపే పదార్థాలు ఇందులో ఉన్నాయని మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్ఐ) శాస్త్రవేత్తలు తేల్చారు. ఏడాదికి ఒక చిన్న జాడీకి సరిపడా గడ్డలు వేరు, వేసవి పొడుగునా లీటర్లకు లీటర్ల పాకానికి బస్తాలు వేరు. ఊరగాయ ఇష్టమున్నవాళ్ళకే షర్బత్‌కు గడ్డ వాడొద్దని చెప్పే హక్కు అందరికన్నా ఎక్కువ ఉంది.

సుగంధిపాలను కూడా అడవి నుంచే తెచ్చుకోవాలని రూలేమీ లేదు. మన ఎర్రనేలలకు అది బాగా ఒదుగుతుంది. మామిడి తోటల గట్ల మీద, అరనీడలో కూడా పెరుగుతుంది. లావుపాటి వేరును నాలుగైదు సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమానంగా కలిపిన సంచుల్లో, తొలకరి వానలకు నాటండి. ముదురు తీగ ముక్కలు కూడా వేళ్ళు పోస్తాయి, కొంచెం ఓపిక కావాలి. మొలక వచ్చేదాకా తడి ఉండాలి, నీళ్ళు నిలవకూడదు. చనిపోయే మొక్కల్లో ఎక్కువ భాగం నీళ్ళెక్కువై వేరు కుళ్ళినవే. రెండడుగుల ఎడంగా నాటి, అల్లుకోవడానికి కంచెనో తీగనో చూపండి. మేడ మీద పెంచేవాళ్ళు పూలకుండీ వాడితే వేరు చుట్టలు తిరిగి సన్నగా మిగులుతుంది. రెండడుగుల లోతున్న డ్రమ్ముకు అడుగున చిల్లులు పెట్టి వాడండి.

తవ్వేది మూడో ఏడు, సంక్రాంతి దాటాక. ఈశాన్య రుతుపవనాల తడి నేలలో ఇంకా ఉంటుంది కాబట్టి వేరు తెగకుండా వస్తుంది. మొక్కకు ఒకవైపు అడుగు దూరంలో చిన్న కాలువ తవ్వి, ఆ వైపు వేళ్ళు మాత్రమే కోసుకుని, రెండోవైపు ముట్టుకోకుండా మట్టి కప్పేసి తడి పెట్టండి. రెండోవైపు వంతు మరో రెండేళ్ళకు. కోసిన వేళ్ళు ఎండలో పడేయొద్దు, నీడలో గాలి ఆడేచోట విరిస్తే పటుక్కుమనే దాకా ఆరనిచ్చి, ముక్కలు చెయ్యకుండా పొడుగ్గానే గాజు జాడీలో మూత బిగించి పెట్టుకోండి. దంచేది వాడే రోజునే.